ఏడో గదిలో అతిథి

మా ఓడ ‘సోస్నోవ్కా’ దుంగలు మోసిన రోజుల్లో ఏడో గది కోసం మావాళ్ళు కొట్టుకు చచ్చేవాళ్ళు. సరుకు గదిని ఆనుకుని ఉండటంతో అందులో ఎప్పుడూ పైన్ జిగురు వాసన, పైపుల వేడి. వంటమనిషినైన నన్ను కాదని ఆ గదిని దక్కించుకునే దమ్ము ఎవరికీ లేకపోయింది. నాకు ఒడ్డున ఇల్లు లేదు. ఉన్న ఇల్లల్లా అదే.

తర్వాత మూర్మాన్స్క్‌లో ఓడ లోపలంతా మార్చేశారు. మంచును చీల్చే అణు ఓడల్లో వాడేసిన ఇంధనం మోయడానికి, దుంగలు పేర్చే చోట ఉక్కు గొట్టాలు దించారు. సరుకుకీ మనుషులకీ మధ్య సీసం పలకలు వేశారు, ఒక్క నా గది గోడకి తప్ప. అక్కడ పైపులు అడ్డొచ్చాయట. వాటిని కదిలిస్తే నవంబరు విప్లవ పండగ నాటికి ఓడ తయారవదట. రేడియేషన్ కొలిచే పరికరం పట్టుకొచ్చినవాడు గుమ్మం అవతలే నిలబడి, చెయ్యి మాత్రం లోపలికి చాపి, “పరిమితి లోపలే ఉంది” అని చక్కా పోయాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ అంకెలు నాకు అర్థం కావు గానీ, వాడి కాళ్ళు గుమ్మం దాటకపోవడం కళ్ళారా చూశాను.

మొదటి సరుకుతో పాటు వికెంతి ల్వోవిచ్ ఓడెక్కాడు. ఓడను మార్చిన పనికంతటికీ పెద్ద ఆయనే. భోజనాల గదిలో అందర్నీ కూర్చోబెట్టి ఉపన్యాసం దంచాడు. అది అయ్యేదాకా ఆగి అడిగాను.

“వికెంతి ల్వోవిచ్ గారూ, నా గోడకి సీసం ఎప్పుడేస్తారు?”

“అక్కర్లేదు ఫైనా ఇగ్నాత్యెవ్నా. లెక్కలన్నీ చూశాం. కావాలంటే నా పిల్లల్ని కూడా ఆ గదిలో పడుకోబెడతాను.”

“పిల్లలెందుకు లెండి, వాళ్ళకి బడి ఉంటుంది. మీరే పడుకోండి. అతిథికి అన్నిటికన్నా వెచ్చటి గది ఇవ్వడం మా ఓడ ఆచారం.”

మా సరంగు ప్రోఖోర్‌కి పొలమారింది. కెప్టెన్ సూపు గిన్నెలోంచి తలెత్తకుండా, “అవును, ఆచారమే” అన్నాడు. అలాంటి ఆచారం మా ఓడలో ఏనాడూ లేదు.

ఉతికిన దుప్పటి పరిచి, గలీబు మార్చి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. నేను బట్టలుతికే తైసియా గదిలో సర్దుకున్నాను. సరుకు దించే రేవు చేరేదాకా ఆ పెద్దమనిషి భోజనాల గది వదల్లేదు. తనతో తనే చదరంగం ఆడుకుంటూ, కునుకొస్తే కుర్చీలోనే ఒరిగిపోయాడు. మర్నాడు పొద్దున్నే గది ఊడ్వడానికి వెళ్ళి చూశాను. దుప్పటి నేను పరిచింది పరిచినట్టే ఉంది.

“ఏమండీ, పరుపు మెత్తగా లేదా?” అన్నాడు ప్రోఖోర్, రొట్టె తుంచుకుంటూ.

“సముద్రం మీద నాకు నిద్ర పట్టదు.”

“అలాగా! ఇందాక ఈ కుర్చీ గురక పెడుతుంటే పాతదైపోయిందనుకున్నా.”

అందరూ పగలబడి నవ్వారు. ఆయన లేచి నా వెనకే వంటగదిలోకి వచ్చి తలుపు మూశాడు.

“చూడు, పై అంతస్తులో నీకు వేరే గది ఇప్పిస్తా. ఎవరితోనూ అనకు. ఏడో గది ఆ తైసియాకి ఇచ్చేద్దాం. వయసులో ఉంది, తట్టుకుంటుంది.”

నా చేతిలో గరిటె ఉంది. అది ఆయన నెత్తిన పడకముందే గిన్నెలో పడేశాను. తలుపు బార్లా తీసి, ఆయన అన్న మాటల్ని అక్షరం పొల్లుపోకుండా అందరికీ గట్టిగా వినిపించాను. తైసియా మొహం పాలిపోయింది. ఆ పూట ఆయన బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు.

రేవులో సరుకంతా దింపేశాం. ఓడ ఖాళీగా వెనక్కి తిరిగిందో లేదో, ఆయన మొహం వెలిగిపోయింది.

“నిద్ర ముంచుకొస్తోంది. ఏడో గదిలో కాస్త నడుం వాలుస్తా.”

ఎత్తు నాకు తెలిసిపోయింది. ఆ గదిలో హాయిగా పడుకున్నానని ఆఫీసులో ఒక్క ముక్క చెబితే చాలు, నా గోడ సంగతి అంతటితో సరి.

“ఉండండి, పక్క దులిపి వస్తా” అని నేరుగా ప్రోఖోర్ దగ్గరికి వెళ్ళాను. “ఆ తలుపుకి వెల్డింగ్ పెట్టెయ్.”

“కెప్టెన్ ఏమంటాడో!”

కెప్టెన్ పక్కనే ఉన్నాడు. “నేను నిద్రపోతున్నా” అన్నాడు, కళ్ళు తెరుచుకునే.

వికెంతి ల్వోవిచ్ టీ తాగి వచ్చేసరికి తలుపు అంచులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

“ప్రభుత్వ ఆస్తి ఇది! నిన్ను ఓడ దింపిస్తా!”

“ఖాళీ ఓడలో నిద్ర ఎవడికైనా పడుతుంది. మళ్ళీ సరుకు నింపిన రోజు రండి. తలుపు కోయిస్తాం. రేవు నుంచి రేవు దాకా ఇందులోనే పడుకోండి. మీరలా పడుకుంటే నా మూటాముల్లే సర్దుకుని నేనే దిగిపోతా.”

ఆయన రాలేదు. నన్ను దింపెయ్యమని కబురు మాత్రం వచ్చింది. కొత్త వంటమనిషిని పంపారు. ఆవిడ తన గది ఏదని అడిగింది. తలుపు చూపించి, జరిగింది చెప్పాం. సంచీ అయినా కింద పెట్టకుండా వెళ్ళిపోయింది. ఇంకొకామెను పంపారు. ఆమె కూడా అంతే. వంట లేనిదే ఓడ కదలదని కెప్టెన్ భీష్మించుకున్నాడు. చివరికి ఆఫీసువాళ్ళే దిగొచ్చి నన్ను ఉండనిచ్చారు; తలుపు కోయించి పైపులు జరిపారు, సీసం పలకలు దిగాయి.

సరుకు మళ్ళీ నింపాక ఒక కొత్త ఇంజనీరు వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, “ఇంక భయం లేదమ్మా” అన్నాడు.

“లోపలికి రా బాబూ. మంచం మీద కూర్చుని చెప్పు.”

వచ్చి సరుకు వైపు గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు. టీ ఇచ్చాను. నింపాదిగా తాగాడు. నేను మళ్ళీ గ్లాసు నింపాను. అదీ అయ్యాకే నా దిండు లోపలికి తెచ్చుకున్నాను.