పన్నెండో ముక్క

పోయిన ఈస్టర్ పండక్కి మా అత్తగారు జెనెబెచ్ కోడికూర గిన్నెలో గరిటె పెట్టి అడుగుదాకా కెలికి, "గుడ్లు పన్నెండున్నాయి, ముక్కలు పదకొండే ఉన్నాయేంటి అమ్మాయ్?" అని అడిగింది. నేను కొత్త కోడల్ని. చుట్టూ ఆడపడుచులు, వాళ్ళ మొగుళ్ళు, మా ఆయన పెదనాన్నలు ఇద్దరూ ఉన్నారు.

"వంటింట్లోకి పిల్లి గానీ వచ్చిందా?" అంది పెద్దాడపడుచు తిరువర్క్, నా మూతి వంక చూస్తూ.

యాభై అయిదు రోజులు మాంసం, పాలు, గుడ్డు ముట్టకుండా ఉపవాసం ఉన్నాక వండే మొదటి కూర అది. ఉప్పు సరిపోయిందో లేదో కూడా నాలుక మీద వేసుకుని చూడకూడదు. అలాంటి గిన్నెలోంచి ముక్క నొక్కేశానంటే దేవుడి దగ్గరా మనుషుల దగ్గరా దొంగనే. తల కొట్టేసినట్టయింది. నేను తినలేదని చెప్పాను. మరి ముక్క ఏమైందంటే మాత్రం నాకు తెలియదు. మా అమ్మ ఎలా కోస్తుందో అలాగే కోశాను. పుట్టింట్లో ఎవరైనా ముక్కలు లెక్కపెడతారా?

ఇప్పుడు గెన్న వస్తోంది. జనవరి ఏడున వచ్చే మా క్రిస్మస్. కోడి లేకపోతే గెన్న లేదు, ఆ కోడికి పన్నెండు ముక్కలు లేకపోతే ఆ ఇంటి కోడలికి విలువ లేదు.

"ఈసారీ నువ్వే కొయ్యి. మీ అమ్మనీ, అమ్మమ్మనీ కూడా పిలిచాను, వాళ్ళ ఎదురుగానే లెక్కపెడతాను. తగ్గిందంటే ఇక నీ చేతికి కత్తి ఇవ్వను. నీ దారిన నువ్వు ఉల్లిపాయలు తరుక్కో," అంది అత్తగారు. కోపంగా అనలేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. అందుకే మరీ మండింది నాకు.

ముందుగా ఒకసారి కోసి చూసుకుందామంటే కుదరదు. గెన్నకు ముందు నలభై మూడు రోజులు మళ్ళీ ఉపవాసమే, కోడి మొహం చూడకూడదు. కొండ మీదున్న మా ఊరు దెబ్రె బిర్హాన్‌లో అప్పుడు చలి ఎముకలు కొరుకుతుంది. ఆ చలిలో ఊరి ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి పుట్టింటికి పోయాను.

"కోడిని ఎన్ని ముక్కలు చేస్తావమ్మా?" అన్నాను, శాలువా అయినా తియ్యకుండా.

"అదేం ప్రశ్న! పన్నెండు," అంది అమ్మ.

"చెప్పు మరి, ఏవేవో."

అమ్మ లేచి నిలబడి తన ఒంటి మీదే చూపించడం మొదలుపెట్టింది. భుజాలు చరుచుకుని రెక్కలు రెండంది. తొడలు రెండు, కాళ్ళు రెండు, పక్కటెముకలు రెండు. మెడ ఒకటి, నడుము ఒకటి, ఎదముక్క ఒకటి.

"పదకొండు," అన్నాను.

"ఛా." మళ్ళీ కాళ్ళ దగ్గర నుంచి పైకి లెక్కపెట్టింది. పదకొండే. ముప్ఫై ఏళ్ళుగా కోళ్ళు కోస్తున్న మనిషి, కుర్చీలో కూలబడి తన చేతుల వంకే చూసుకుంది. "ఎదముక్కని మనం రెండు చెయ్యమే," అంది చివరికి. "అందరూ చేస్తారా?"

"అందరూ చేస్తారు. మనమెందుకు చెయ్యం?"

"మా అమ్మ చెయ్యదు కాబట్టి."

నాన్న పక్క గదిలోంచి, మా ఇంట్లో ఎప్పుడూ చిన్న కోళ్ళే కొనేవాళ్ళని అరిచాడు. ఆ పూట కాఫీకి వచ్చి కూర్చున్న చర్చి గురువుగారు గడ్డం నిమురుకుంటూ, "క్రీస్తు శిష్యులు పన్నెండు మంది, అందుకే పన్నెండు ముక్కలు. అందులో ఆయన్ని పట్టించిన యూదాకి ముక్క ఎందుకమ్మా? మీ అమ్మమ్మ భక్తురాలు, లెక్క తెలిసిన మనిషి," అన్నారు.

"మరి యూదాకి గుడ్డెందుకు వేస్తుందండీ? గుడ్లు పన్నెండే కదా!" అన్నాను. ఆయన ఇంకో కప్పు కాఫీ పొయ్యమన్నారు.

అప్పుడే నాకు ఇంకోటి గుర్తొచ్చి బుర్ర ఇంకా తిరిగిపోయింది. ఆ ఎదముక్క ఇంటి యజమానికి పెట్టాలి. మా ఇంట్లో నాన్నకి అది ఎప్పుడూ దక్కలేదు. అమ్మమ్మ దాన్నీ, ఒక గుడ్డునీ గిన్నెలోనే ఉంచేసి, మర్నాడు పొద్దున చర్చి గేటు దగ్గర బిచ్చగాళ్ళకి ఇచ్చొచ్చేది. చిన్నప్పుడు అది దానం అనుకునేదాన్ని.

అమ్మమ్మ వెనక వరండాలో ఎండలో కూర్చుని దూది వడుకుతోంది. నేను పక్కన కూర్చుని అంతా చెప్పాను. పిల్లి మాట కూడా చెప్పాను. కదురు ఆగలేదు.

"ఎదముక్కని ఎలా రెండు చెయ్యాలో చూపించు అమ్మమ్మా."

"దాన్ని కొయ్యకు."

"ఎందుకూ?"

"కొయ్యడం మన పని కాదు."

"మరి ఎవరి పని?"

"ఈ దూదిలో గింజలు చాలా ఉన్నాయే," అంది. అంతే. బతిమాలాను, కసిరాను, అలిగి లేచి వచ్చేశాను. నా కాపురం కంటే దూదిగింజలు ఎక్కువా అని దారంతా గొణుక్కుంటూనే ఉన్నాను.

గెన్న ముందురోజు మధ్యాహ్నం మా ఆయన బెలయ్ కోడిని కోసిచ్చాడు. ఈకలు పీకి, కాల్చి, నిమ్మకాయతో ఉప్పుతో ఏడు నీళ్ళు కడిగాను. రెక్కలు తీశాను, తొడలు, కాళ్ళు తీశాను. అన్నీ అయ్యి, ఎదముక్క పీట మీద మిగిలింది. దాని నడుమ సన్నటి గీతలా మృదువైన ఎముక ఉంది. కత్తి ఆనిస్తే చాలు, పన్నెండు. అత్తగారి నోరు మూతబడుతుంది.

కత్తి ఆనించాను. నొక్కలేకపోయాను. ఎందుకంటే చెప్పలేను. అమ్మమ్మ మీద ఒళ్ళు మండుతూనే ఉంది, అయినా చెయ్యి ఆ ముసలమ్మ మాటే వింది. ఎవరి పనో తెలియని పని చెయ్యడానికి భయమేసింది. ముక్కని కొయ్యకుండా అలాగే మసాలాలో వేసేశాను. వేసిన మరుక్షణమే నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు పొద్దున చర్చి నుంచి అందరం తెల్లబట్టల్లో వచ్చి ఇంజెర రొట్టెలు పరిచిన బుట్ట చుట్టూ కూర్చున్నాం. అమ్మ, అమ్మమ్మ కూడా వచ్చారు. అత్తగారు గిన్నె మధ్యలో పెట్టి, గరిటెతో ఒక్కో ముక్కా ఎత్తి చూపిస్తూ లెక్కపెట్టింది. పదకొండు దగ్గర గరిటె ఆగింది.

"పిల్లి రుచి మరిగింది," అంది తిరువర్క్.

మా ఆయన ఇంటికప్పులో ఏదో పోయినట్టు పైకే చూస్తున్నాడు. నాకు ఏడుపొచ్చేసింది.

"నా మనవరాలు దొంగ కాదు," అంది అమ్మమ్మ. "గిన్నె ఇలా జరుపమ్మా."

వేళ్ళతోనే వెతికి ఆ పెద్ద ఎదముక్కని తీసి ఇంజెర మీద పెట్టింది.

"ఇందులోనే రెండు ముక్కలున్నాయి. ఇలాంటి గెన్న ముందురోజే, పట్టపగలు. గుడ్లు పన్నెండూ ఉడకబెట్టి ఒలిచి పెట్టాను. కోడి కోస్తున్నాను. ఇదొక్కటే మిగిలింది. గుమ్మంలోకి జవాన్లొచ్చారు. ఒక సంతకం పెట్టొస్తే చాలన్నారు. మీ తాత దెమిస్సె చెప్పులేసుకుంటూ, 'అది ఉంచు, వచ్చాక నేనే కోస్తాలే, నీకు చెయ్యి నొప్పి' అన్నాడు. ఉంచాను." అమ్మమ్మ గొంతు మామూలుగానే ఉంది. "నలభై ఆరేళ్ళు."

అమ్మ మొహం తెల్లబోయింది. వాళ్ళ నాన్నని తీసుకుపోయేనాటికి తనకి ఏడాదిన్నర. ఆయన రాలేదని తెలుసు గానీ, ఏ రోజు పోయాడో, పోతూ ఏమన్నాడో తనకెవరూ చెప్పలేదు.

"మరి నాకు ఇలాగే కొయ్యమని నేర్పావేంటే అమ్మా?"

"నేను నేర్పలేదే. నువ్వే చూసి నేర్చుకున్నావు. నేను వద్దనలేదు, అంతే. నాతోపాటు ఇంకొకరు కూడా కొయ్యకుండా ఉంచుతున్నారు కదా అనిపించేది." నా వైపు తిరిగింది. "నీ మీద దొంగతనం పడుతుందని అనుకోలేదు."

అమ్మమ్మ ఒకసారి గుమ్మం వైపు చూసింది. తర్వాత రెండు బొటనవేళ్ళూ ఆనించి ఆ ముక్కని నడిమికి చీల్చింది. ఎముక చిన్న చప్పుడు చేసింది.

"పన్నెండు. లెక్క సరిపోయిందా, జెనెబెచ్?"

అత్తగారు గరిటె కింద పెట్టేసి, రెండు చేతులూ తన ఒళ్ళో దాచుకుంది. తిరువర్క్ తల దించుకుంది. అమ్మమ్మ ఒక ముక్కని ఇంజెరలో చుట్టి అమ్మ నోట్లో పెట్టింది, రెండోది నా నోట్లో పెట్టింది. నోరు నిండా ముక్క, కళ్ళ నిండా నీళ్ళు. నమలాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మ నమల్లేదు. నలభై ఏడేళ్ళ మనిషి, బుగ్గలో ముక్క అలాగే ఉంచుకుని చిన్నపిల్లలా అడిగింది.

"అమ్మా, మరి ఆయనొస్తే?"

అమ్మమ్మ గిన్నెలోకి చూసింది. పులుసులో అటూ ఇటూ కదులుతున్న గుడ్లలోంచి ఒకదాన్ని పక్కకి జరిపింది.

"గుడ్డుందిగా," అంది.