ఉప్పేసిన గంజి

స్వప్న అన్నిటికంటే ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. తన బిడ్డ శ్రీవాణి గంజాయికి అలవాటు పడుతుందేమో, ఆ సంగతి వీధి వీధంతా తెలిశాక చివర్న తనకు తెలుస్తుందేమో అని.

ఈ భయం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, బడివాళ్లు నేర్పింది. అంతకుముందు ఆమెకున్నవి మామూలు భయాలు. భర్త సమ్మన్న మహారాష్ట్రలోని ఘుగ్గుస్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు, అది ఎక్కడ బోల్తా పడుతుందో అని. బొగ్గు లారీల రోడ్డు దాటేటప్పుడు పిల్ల అటూ ఇటూ చూస్తుందో లేదో అని. ఇవి చాలవన్నట్టు పోయిన జూన్ చివర్లో బడి నుంచి ఫోన్‌కు ఒక లింకు వచ్చింది. దాని పేరు ‘స్వచ్ఛ శ్వాస్’ అట. పిల్లలను గంజాయికి దూరంగా ఉంచే ఆన్‌లైన్ కార్యక్రమం. కిటికీ తెరిచిపెడితే వండిన అన్నం మీద నల్లటి పొర పట్టే ఊళ్లో అట్లాంటి పేరు పెట్టినవాడు ఎన్నడూ ఘుగ్గుస్‌లో బస్సు దిగి ఉండడు.

మొత్తం పన్నెండు వీడియోలు, ఒక్కోదాని చివర ఐదు ప్రశ్నలు. అన్నీ పూర్తి చేయకపోతే తొమ్మిదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు. మధ్యలో ముందుకు జరిపితే వీడియో మళ్లీ మొదటికి వస్తుంది. పిల్లలు పగలంతా బడిలో, సాయంత్రం ట్యూషన్‌లో. ఫోన్లేమో అమ్మల దగ్గర. దాంతో కాలనీలో గంజాయి మీద చదువు మొదలుపెట్టింది అమ్మలు. ఒకామె ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి రొట్టెలు కాల్చుకునేది. ఇంకొకామె వీడియో నడుస్తుంటే కునుకు తీసేది. స్వప్న మాత్రం నోటుబుక్కు పెట్టుకుని కూర్చుంది. ఎనిమిదో తరగతిలో ఆమెను బడి మానిపించారు. మరాఠీ అక్షరాలు పెళ్లయి వచ్చాక, శ్రీవాణి ఒకటో తరగతి పుస్తకంలోంచి నేర్చుకుంది. పంతొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ ఎవరో ఆమెను ప్రశ్నలు అడుగుతున్నారు. మొదటి వీడియోకు ఐదుకు నాలుగు వచ్చినప్పుడు, ఇంట్లో ఎవరూ లేకపోయినా, తలుపు దాకా వెళ్లి వచ్చింది.

నాలుగో వీడియోలో లక్షణాలు చెప్పారు. కళ్లు ఎర్రబడతాయి. ఆకలి పెరుగుతుంది. కారణం లేకుండా నవ్వుతారు. పొద్దెక్కేదాకా లేవరు. అడిగితే విసుక్కుంటారు. స్వప్న రాసుకోవడం ఆపి తలెత్తింది. ఎదురుగా శ్రీవాణి, ఆదివారం పది దాటాక లేచి, ఎర్రటి కళ్లతో మూడో రొట్టె తింటూ తనలో తాను నవ్వుకుంటోంది.

“ఎందుకు నవ్వుతున్నవే?”

“ఏం లేదు.”

“ఏం లేకుంటె నవ్వుతరా ఎవరన్న?”

“అబ్బ, ఏందమ్మా నువ్వు.”

విసుక్కుంది కూడా. ఐదుకు ఐదు.

ఆ రోజు నుంచి స్వప్న పిల్ల బడిసంచి వాసన చూడటం మొదలుపెట్టింది. చున్నీ వాసన, కంపాస్ డబ్బా వాసన, చివరికి భూగోళం పుస్తకం వాసన కూడా. పల్లి చిక్కీ, రబ్బరు, బొగ్గు తప్ప ఏదీ తగల్లేదు. తగలకపోవడం వల్ల భయం ఇంకా పెరిగింది. వాసన రాకుండా దాచుకునే తెలివి కూడా వస్తుందని ఆరో వీడియోలో చెప్పారు.

ఇదిలా ఉండగా ఒక పొద్దున స్వప్న నల్లా దగ్గర నీళ్లు పడుతుంటే ఇంట్లో ఫోన్ మోగింది. అత్త నర్సక్క ఎత్తింది. ఎత్తితే అవతల మనిషి లేదు, యంత్రం. తల్లిదండ్రుల అభిప్రాయం నమోదు చేసుకునే యంత్రం. ఇంపైన ఆడగొంతుతో, మీ ఇంటి అమ్మాయి గాంజా తీసుకుంటుందా అని మరాఠీలో అడిగింది. పద్నాలుగేళ్ల ఆడపిల్ల గురించి ఎవరైనా ఆ మాట అడుగుతారని నర్సక్క బుర్రకు తట్టే అవకాశమే లేదు. పైగా చెవి కొంచెం మందం. ఆమెకు వినపడింది గంజి. దవాఖాన వాళ్లు పిల్లల తిండి గురించి రాసుకుంటున్నారు కాబోలు అనుకుని, తన సంత మరాఠీలో తీరిగ్గా జవాబు చెప్పింది.

“తాగుతది బాయీ, రోజు తాగుతది. పొద్దుగాల ఒక గిలాసెడు.”

“ఎవరు ఇస్తారు?”

“ఇంకెవరిస్తరు, నేనే ఇస్త. ఉప్పేసి.”

“ఎప్పటి నుంచి?”

“పండ్లు రాకముందుకెల్లి.”

“తీసుకోని రోజు అమ్మాయి ఎలా ఉంటుంది?”

“తండ్లాడుతది. బడికి పోనంటది.”

“మానిపించాలని అనుకుంటున్నారా?”

“ఎందుకు మాన్పియ్యాలె? మంచిదే గద. నువ్వు గూడ తాగు బిడ్డా, కడుపుల సల్లగుంటది.”

యంత్రం ధన్యవాదాలు చెప్పింది. నర్సక్క కూడా దానికి సల్లగ బతుకుమని దీవెన పెట్టింది.

మూడో రోజు సందేశం వచ్చింది. శ్రీవాణి పేరు పక్కన ఎర్ర గుర్తు. ప్రమాద స్థాయి: అత్యధికం. సరఫరా: ఇంట్లోనే. సరఫరాదారు: ఆజీ, అంటే నాయనమ్మ. ఇట్లాంటి విషయాలు గుట్టుగా ఉంచాలని రెండో వీడియోలో గంట కొట్టి మరీ చెప్పిన ఆ కార్యక్రమం ఈ సందేశాన్ని తరగతి గ్రూపులో అందరికీ పంపింది. స్వప్న ఫోన్ చార్జింగ్‌లో ఉంది. వీధి వీధంతా చదివాక ఆమె చదివింది.

మొదటగా వచ్చింది మూడిళ్ల అవతలి ప్రసన్నలక్ష్మి. ఆమె కొడుకు నితిన్ శ్రీవాణి తరగతే. పన్నెండు వీడియోలకూ పూర్తి మార్కులు, పోస్టర్ల పోటీలో మొదటి బహుమతి. ఆన్‌లైన్ సభలో పిల్లలందరి చేతా ప్రతిజ్ఞ చేయించింది కూడా వాడే. వాడికొచ్చిన ఆకుపచ్చ సర్టిఫికెట్‌ను ఫ్రేము కట్టించి వీధి తలుపు పక్కనే వేలాడదీశారు.

“నేనేం అంటలేను స్వప్నా,” అంది ప్రసన్నలక్ష్మి, కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ. “కనిపెట్టుకోని ఉండాలె పిల్లల్ని. మా నితిన్‌ను నేను గడప దాటనియ్య.”

ఆమె వెళ్లాక స్వప్న బిడ్డ గడ్డం పట్టుకుని కళ్లలోకి చూసింది. ఎర్రగానే ఉన్నాయి. ఏడ్చి ఉన్నాయి.

“నువ్వు గూడ నమ్ముతున్నవా అమ్మా?”

 నమ్మడం లేదని చెప్పడానికి నోటుబుక్కులో ఎక్కడా వీల్లేదు.

మర్నాడు అత్త, కోడలు, మనుమరాలు ముగ్గురూ బడికి వెళ్లారు. కంప్యూటర్లు చెప్పే మారుతి సారు రాజూరా వైపు తెలుగువాడు. ఈ కార్యక్రమం బాధ్యత ఆయన నెత్తిన పెట్టారు. ఆయన కూడా ముందు గంభీరంగానే ఉన్నాడు. యంత్రం రికార్డు చేసిన మాటలు వినిపించాడు. “ఉప్పేసి” అన్న దగ్గర ఆయన మొహం మారింది. “పండ్లు రాకముందుకెల్లి” దగ్గర బల్ల మీదికి వంగిపోయాడు.

“అవ్వా, నువ్వు గంజి అనుకున్నవా?”

“గంజి గాకుంటె ఏందది?” అంది నర్సక్క. “నవ్వుడెందుకు సారూ? నా పిల్లలందరికి గదే పోసి పెంచిన.”

గాంజా అంటే గంజాయని సారు చెప్పాడు. నర్సక్క ఆ యంత్రాన్ని, దాన్ని పుట్టించినవాణ్ణి, వాళ్లమ్మను వరుసగా తలుచుకుంది. తను దాన్ని దీవించిన సంగతి గుర్తొచ్చి ఆ దీవెనను కూడా వెనక్కి తీసుకుంది.

“అయితె ఆ ఎర్రది తీసెయ్యుండ్రి సార్,” అంది స్వప్న.

“తియ్యరాదమ్మా. గాంజా ఉంది, దారు ఉంది, తంబాకు ఉంది. గంజి అనే బటను లేదు దీంట్ల. ఎర్రది పచ్చగ కావాల్నంటె ఒక్కటే తొవ్వ. సరఫరా చేసినోళ్లు ప్రతిజ్ఞ చెయ్యాలె. పిల్ల పన్నెండు వీడియోలు మల్ల సూడాలె.”

పిల్ల అంటే ఎవరో స్వప్నకు తెలుసు.  నర్సక్కను కెమెరా ముందు నిలబెట్టి కుడిచెయ్యి చాపించారు. నా మనుమరాలికి ఇక గాంజా ఇయ్యను అని సారు చెప్పినట్టే చెప్పి, ఆగలేక, “గంజి మాత్రం ఇస్త” అని కలిపింది. యంత్రం ఒప్పుకోలేదు. రెండోసారీ కలిపింది. మూడోసారి మనుమరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టాక ప్రతిజ్ఞ నెగ్గింది.

కాలనీకి నెల రోజులకు సరిపడా నవ్వు దొరికింది. శ్రీవాణిని గంజివాణి అన్నారు. నర్సక్క కిరాణాకు పోతే ‘అవ్వా, మాల్ వచ్చిందా’ అని అడిగారు. నవ్వితే నవ్వారులే, ఎరుపు పోతుంది చాలు అనుకుని స్వప్న వీడియోలు మళ్లీ మొదలుపెట్టింది. తొమ్మిదో వీడియో దగ్గర ఆమె చెయ్యి ఆగింది. పిల్లలను ఎదురుగా నిలబెట్టి ప్రశ్నించకండి, పక్కపక్కన కూర్చుని ఏదైనా పని చేసుకుంటూ అడగండి అని ఉంది. మొదటిసారి ఆ మాట రాసుకుంది కూడా, కింద గీత గీసి. రాసుకుని, లేచి వెళ్లి సంచి వాసన చూసింది.

ఆ సాయంత్రం బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అడిగింది.

“శ్రీ, నిన్నెవరన్న ఎన్నడన్న తాగుమన్నరా అది?”

శ్రీవాణి ఇంకో నాలుగు కాయల ఈనెలు తీసింది.

“నన్ను అనలే.”

“మరెవర్ని?”

“నితిన్‌ను.”

స్వప్న ఇంకో కాయ అందుకుంది. శ్రీవాణి చెప్పుకుపోయింది.

“పోస్టర్‌ల గాంజా ఆకు ఎట్లెయ్యాల్నో తెల్వక, నిజందే జూద్దామని బొగ్గు రైళ్ల సైడింగ్ కాడి పెద్ద పోరగాండ్ల దగ్గరికి పోయిండట. బొమ్మ అయిపోయినంక గూడ పోతనే ఉన్నడు. ఇప్పుడు బడికి రాక పదకొండు రోజులు. జరమని చెప్పింది వాళ్లమ్మ. మొన్న ఎన్క కిటికీల నుంచి పిలిస్తె నన్ను ఎవరో అన్నట్టు జూసిండు. అందరు నా గురించే మాట్లాడుకుంటున్నరు, నువ్వు గూడ వాళ్లతోనే ఉన్నవా అన్నడు. అన్నం గూడ తింటలేడట.”

“నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వు అడగలే గద. నా సంచినే అడిగినవ్.”

స్వప్న ముందు సారుకు ఫోన్ చేసింది. సారు నొచ్చుకున్నాడు గానీ దారి చూపలేకపోయాడు.

“ఇంటికి పోయి సూసుడు ఎర్రోళ్లకే ఉందమ్మా. వాడు పచ్చల ఉన్నడు. పచ్చోళ్ల ఇంటికి పోతనంటె పైనోళ్లు ఒప్పుకోరు. మీ ఇంటికైతె రావచ్చు నేను.”

దాంతో స్వప్న గిన్నె నిండా గంజి పోసుకుని, ఉప్పేసి, మూత పెట్టి మూడిళ్లు దాటింది. ప్రసన్నలక్ష్మి గడపలోనే నిలబడింది. ఆమె భుజం పక్కన ఆకుపచ్చ ఫ్రేము.

“జరమట గదక్కా నితిన్‌కు. గంజి తెచ్చిన.”

“తేకపోతె ఎట్ల, మీ ఇంటి మాలు గద,” అని ప్రసన్నలక్ష్మి నవ్వింది.

“అక్కా, నవ్వులాట గాదు. ఒక్కసారి లోపలికొచ్చి సూస్త. నితిన్ గాంజా తాగుతుండట.”

ప్రసన్నలక్ష్మి నవ్వు ఇంకా పెద్దదైంది. “గంజియా, గాంజానా? సరిగ్గ విన్నవా? మల్ల మీ అత్తనే చెప్పిందా?”

“శ్రీవాణి చెప్పింది. వాణ్ణి కిటికీల నుంచి కండ్లతోని జూసింది.”

అప్పుడు నవ్వు ఆగింది.

“నీ బిడ్డ ఎరుపుల ఉన్నప్పుడు నేను మీ ఇంట్లకొచ్చి మీ అర్రలు ఎతికిన్నా? మావోడు గ్రీన్. రాసుంది సూడు, సదువొస్తె.”

ఎనిమిదో తరగతి దాకా వచ్చిన చదువుతో స్వప్న చూసింది. కాగితం మీద నిజంగానే రాసి ఉంది. కింద సంతకం కూడా ఉంది. లోపల ఏదో బోర్లా పడిన చప్పుడు, దాని వెనకే దగ్గు వినిపించాయి. ప్రసన్నలక్ష్మి చెంపలు ఒక్క క్షణం వదులైనట్టు అనిపించింది. తర్వాత గిన్నె అందుకుని తలుపు వేసింది. పొద్దున గిన్నె కడిగి పంపింది. తాగింది నితినో, మోరీ కాలువో స్వప్నకు తెలియలేదు. రెండోసారి వెళితే తలుపే తీయలేదు. గంజివాణి వాళ్లమ్మ వచ్చిందని లోపల్నుంచి ఎవరితోనో చెప్పడం మాత్రం వినపడింది.

ఇప్పుడు స్వప్న భయపడుతున్నది తన బిడ్డ గురించి కాదు. శ్రీవాణి పచ్చలోకి వచ్చింది, పరీక్షకు కూర్చుంటుంది. చివర్న తెలిసే అమ్మ ఈ వీధిలో ఎవరో మాత్రం ఆమెకు తెలిసిపోయింది. ఆ అమ్మకు ఎట్లా చెప్పాలో పన్నెండు వీడియోలలో ఎక్కడా లేదు. నోటుబుక్కు రెండుసార్లు తిరగేసి చూసింది.

అందుకని మీకో మాట. మీరు ఘుగ్గుస్ వైపు వస్తే, కాలనీ మూడో వరుసలో వీధి తలుపు పక్కన ఆకుపచ్చ ఫ్రేము వేలాడే ఇల్లు ఒకటుంది. మీరు గంజి ఇంటి మనుషులు కారు గనుక మిమ్మల్ని చూసి ప్రసన్నలక్ష్మి నవ్వదు. ఏదో ఒక వంక పెట్టుకుని తలుపు కొట్టండి. నితిన్ ఎట్లున్నాడని అడగండి. జ్వరమంటే సరేనని వెనక్కి రాకండి. ఒకసారి చూసి పోతామనండి, వాడి పక్కన కూర్చోండి, వాడు ఏదైనా తిన్నాక లేవండి.