కెప్టెన్ అన్న చోట రాసిన పేరు

పైదేశం నుంచి వచ్చి పసుపు జెండా ఎగరేసిన పడవలోంచి ఎవరూ కాలు బయటపెట్టకూడదు. ముందు రేవు డాక్టరు వచ్చి అంటురోగాలేవీ లేవని చూడాలి. ఆ తర్వాత కెప్టెన్ ఒక్కరే ఒడ్డుకు వెళ్లి, ఒక్కో కార్యాలయంలో కాగితాలిచ్చి ముద్రలు వేయించుకోవాలి. అన్ని ముద్రలూ పడ్డాకే మిగతావాళ్లు దిగాలి. ముప్పై ఏళ్లుగా తెరచాప పడవలోనే కాపురం చేస్తున్న ఆ మొగుడూ పెళ్లాలకు ఈ వరసంతా కొట్టినపిండే.

ఆ ఉదయం మాత్రం చిట్టి లంగరు వేస్తూనే ఒడ్డు మీద ఎవరున్నారా అని వెతికింది. చిట్టి అంటే చిన్నపిల్లేం కాదు, అరవై రెండేళ్లావిడ. అక్క పిలిచిన ముద్దుపేరు అలాగే అతుక్కుపోయింది. ఆ అక్కను చూద్దామనే పంతొమ్మిది రోజుల కిందట బయలుదేరారు. తొమ్మిదో రోజు, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేనిచోట, అక్క కూతురి నుంచి రేడియోలో కబురు అందింది: అమ్మ ఆస్పత్రిలో ఉంది, తొందరగా రండి. తొందర గాలి చేతిలో ఉంది. ఆ గాలి కాస్తా నాలుగు రోజులపాటు మొహం చాటేసింది.

రేవు కంచె అవతల అక్క కూతురు నిలబడి ఉంది. పడవ కేకవేటు దూరంలో ఆగింది.

"పిన్నీ!"

"అక్క ఉందా?"

"ఉంది! నిన్నే అడుగుతోంది. ఆస్పత్రి నాలుగు వీధుల అవతలే. తొందరగా దిగు పిన్నీ, మధ్యాహ్నం దాటడం కష్టమంటున్నారు!"

చిట్టి భర్త వైపు తిరిగింది. అక్క ఆయన్ను ఏనాడూ మరిదిగారూ అనలేదు. తన చెల్లెల్ని నీళ్లపాలు చేశాడని కోపం. ఎదురుగా కూడా 'పడవాయన' అనే అనేది. పడవాయన దానికి నవ్వేవాడు తప్ప నొచ్చుకునేవాడు కాదు.

"డాక్టరుతో చెప్పేద్దామండీ, సంగతి ఇదీ అని."

"నోరెత్తకు. కాగితాల వాళ్లకు మన కష్టం ఒకటి చెబితే వాళ్లు పది అడుగుతారు. అక్కకేం రోగం, అది అంటుకుంటుందా, మీరెందుకొచ్చారు... తెమలదు. నేను చూసుకుంటాగా."

డాక్టరు రేవు వాళ్ల మరపడవలో వచ్చాడు. కుర్రవాడు, నవ్వు మొహం. నాలుకలు చూశాడు, జ్వరం చూశాడు.

"పడవలో ఎలుకలున్నాయా అమ్మా?"

"ఒకటుంది బాబూ, మీసాలున్నది," అంది చిట్టి, భర్త వైపు చెయ్యి చూపించి. ప్రతి రేవులోనూ అనే మాటే, అలవాటు కొద్దీ నోట్లోంచి జారిపడింది. డాక్టరు ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు వినగానే ఆమెకు ఏడుపు తన్నుకొచ్చి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండీ, ఇన్నాళ్లకు నేల కనిపించింది కదా," అన్నాడు పడవాయన.

డాక్టరు సంతకం పెడుతుండగా పడవాయన లోపలికి వెళ్లి, పడవలో వచ్చినవాళ్ల జాబితా నాలుగు ప్రతులు కొత్తగా రాసుకొచ్చాడు. కెప్టెన్ అన్న చోట చిట్టి పేరు ఉంది.

"ఇదేంటండీ?" అంది ఆమె గొంతు తగ్గించి.

"ఇవాళ్టికి నువ్వే కెప్టెన్. నేను వెళితే, నేను తిరిగొచ్చేదాకా నువ్విక్కడే కూర్చోవాలి. నువ్వు వెళితే పనైన మరుక్షణం అటునుంచి అటే అక్క దగ్గరికి పోవచ్చు. ఓ గంట కలిసొస్తుంది. మీ అక్క పోరు పడలేకే ఇస్తున్నాననుకో, పదవి."

చిట్టికి ప్రాణం లేచివచ్చింది. ఇంత తెలివి ఈయనకే తడుతుంది అనుకుంది. డాక్టరుతో పాటు మరపడవెక్కి ఒడ్డు చేరింది.

గేటు దగ్గర కాపలా మనిషి లోపలికే దారి చూపించాడు. "ముద్ర లేనిదే బయటికి వదలం, పెద్దమ్మా." గేటు ఊచల్లోంచి అక్క కూతురు చెయ్యి చాపి, చిట్టి చెయ్యి పట్టుకుంది. ఉప్పుకు బరకబారిన చెయ్యి.

"వచ్చేస్తానే. అమ్మకు ఫోన్ చేసి చెప్పు."

"ఆ గదిలోకి ఫోన్లు రానివ్వరు పిన్నీ. నేనే పరిగెత్తుకెళ్లి చెప్పొస్తా," అంటూనే ఆ పిల్ల పరుగందుకుంది.

కస్టమ్స్ గదిలో బల్ల వెనక కళ్లజోడు పెట్టుకున్న ఆఫీసరమ్మ కూర్చుని ఉంది. చిట్టి ఇచ్చిన జాబితాను, వదిలి వచ్చిన రేవు వాళ్లు ఇచ్చిన అనుమతి పత్రాన్ని పక్కపక్కన పరిచి, రెంటిమీదా వేళ్లు పెట్టి చూసింది.

"అక్కడ బయలుదేరినప్పుడు కెప్టెన్ ఈయన. ఇక్కడ దిగేసరికి మీరు. ఈయనేమయ్యారు?"

"పడవలో ఉన్నారండీ."

"బతికేనా?"

"అయ్యో, నిక్షేపంలా ఉన్నారు!"

"మరి నడిసముద్రంలో కెప్టెన్ ఎలా మారాడమ్మా? జబ్బు చేసిందా? గొడవ పడ్డారా? ఇలా మారితే ఆయన్ను కళ్లారా చూసి, ఆయన నోటితో విని రాసుకోవాలి. ఈ మధ్యనే ఓ పడవలో ఇలాగే పేరు మారింది. తీరా చూస్తే మనిషే లేడు."

చిట్టి ఇక దాచుకోలేకపోయింది. అక్క సంగతి, గాలి సంగతి, భర్త చేసిన ఉపాయం, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది.

ఆఫీసరమ్మ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఆ డాక్టరుతో ఒక్క మాట అంటే పోయేది కదమ్మా! చావుబతుకుల్లో ఉన్నవాళ్లను చూడ్డానికి వచ్చినవాళ్లకు వేరే చీటీ ఉంది. డాక్టరే రాసిచ్చేవాడు. మా మనిషిని తోడిచ్చి తిన్నగా ఆస్పత్రికి పంపేవాళ్లం. కాగితాలు సాయంత్రం చూసుకునేవాళ్లం."

"ఇప్పుడివ్వండి తల్లీ, ఆ చీటీ."

"కెప్టెన్ ఎవరో తేలకుండా ఎవరి పూచీ మీద ఇవ్వను? ఉండండి, ఆయన్ను పిలిపిస్తాను."

ఆమె పనికిమాలిన మనిషేం కాదు. తనే లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కేకేసింది. రేవులో ఉన్నది ఒక్కటే మరపడవ. అది డాక్టరును ఎక్కించుకుని, బయట ఆగిన పెద్ద ఓడ దగ్గరికి వెళ్లిపోయింది. రేడియోలో పిలిస్తే అరగంటలో వస్తామన్నారు. అరగంట గంటైంది. ఆఫీసరమ్మ మంచినీళ్లిచ్చింది. చిట్టి గ్లాసు పట్టుకుని కూర్చుంది తప్ప తాగలేదు. కిటికీలోంచి గేటు కనిపిస్తోంది, గేటు అవతల వీధి కనిపిస్తోంది. ఈ వీధి ఒకటి, ఇంకో మూడు. సముద్రాలు దాటినదానికి మూడు వీధులెంత!

ఎట్టకేలకు పడవాయన వచ్చాడు. మోకాళ్ల దాకా తడిసి, మొహం వాడిపోయి ఉన్నాడు. దారిలోనే చెప్పినట్టున్నారు. ఆఫీసరమ్మ అడిగినదానికల్లా తల వంచుకుని జవాబిచ్చి, కొత్త జాబితా నాలుగు ప్రతుల్లోనూ కెప్టెన్ అన్న చోట తన పేరు రాసి సంతకాలు పెట్టాడు. ఆఫీసరమ్మ చిట్టి పాస్‌పోర్టు పట్టుకుని తనే పక్కగదికి వెళ్లింది.

అప్పుడు కిటికీలోంచి చిట్టికి అక్క కూతురు కనిపించింది. పరిగెత్తుకెళ్లిన పిల్ల నడిచి వస్తోంది. తొందరేమీ లేనట్టు, రోడ్డు దాటేటప్పుడు రెండు పక్కలా చూసుకుని మరీ దాటింది.

చిట్టి గ్లాసు కింద పెట్టింది.

ఇద్దరూ గేటు దగ్గరికి వెళ్లారు. ఊచల అవతలినుంచి ఆ పిల్ల మళ్లీ పిన్ని చెయ్యి పట్టుకుంది. తర్వాత చెప్పింది.

"నువ్వొచ్చావని చెప్పాను పిన్నీ. విన్నది. కళ్లు తెరిచింది. గేటు దగ్గరే ఉన్నావంటే, 'గేటు దగ్గర ఏం చేస్తోందే అది, లోపలికి రమ్మను' అంది. అదే ఆఖరి మాట."

పడవాయన ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు. "నేనే చిట్టీ... గంట కలిసొస్తుందనుకున్నాను," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఆమెను ఆ పేరుతో పిలవడం అదే మొదలు. అది అక్క పిలుపు. చిట్టి ఆయన్ను ఏమీ అనలేదు. అనడానికి ఆయన చేసిన తప్పేమిటో వెతుక్కుంటే, ఆమెను ముందు పంపాలనుకోవడమే కనిపించింది. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కాసేపు అలాగే ఉంది.

ఆఫీసరమ్మ వెనకనుంచి గబగబా వచ్చి పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. ఆ పిల్ల మొహం చూసి పక్కకు తప్పుకుంది. కాపలా మనిషి కూడా అంతా విన్నాడు కాబోలు, ఏమీ అడక్కుండానే గేటు బార్లా తెరిచాడు.

"వెళ్లండి పెద్దమ్మా."

చిట్టి కదల్లేదు. పాస్‌పోర్టు తెరిచి, ఒక్కో పేజీ తిప్పి, ఇంకా తడి ఆరని ముద్ర ఉన్న పేజీ వెతికి, అతని ముందు పట్టుకుంది. అతను తల పక్కకు తిప్పుకున్నాడు. అయినా ఆమె చెయ్యి దించలేదు. చివరికి అతను వంగి, ఆ ముద్రను చూసి, "సరిపోయింది," అన్నాక గేటు దాటింది.