అత్తా యని పిలిచిన గొంతు

హేమంతర్తువు చొచ్చిన యొకానొక ప్రాతఃకాలమున ఆకాశము వానయుం గాక యెండయుం గాక బూడిదవర్ణమై కొండతలలమీదికి క్రుంగియుండ, పూతకువచ్చిన కందిచేలు మంచుబరువున వంగి నిలిచియుండ, గుండ్లవాగు గ్రామక్షురకుడగు ఎల్లమంద తన కత్తులపొదిని చంకనిడుకొని శాసనసభ్యుడగు కోదండపాణినాయని విడిదికిం బోయెను.

జలాశయమున మునుగనున్న యా యూరివారిచే సమ్మతిపత్రములపై వ్రేలిముద్రలు వేయించుటకై యా నాయకుడు నాలుగుదినములుగా నచ్చట విడిసియుండెను. మునిగిన చేనికి చేనిప్పింతునని యాతని వాగ్దానము. ముప్పదియేండ్లుగా నాతడా యూర నెవ్వరిని పేరుపెట్టి పిలిచి యెరుగడు. అత్త మామ బావ యని వరుసగలిపియే పలుకును. ఆ పిలుపునకే యూరు వోట్లు వేయుచువచ్చెను.

గోడకు చెవులుండుననువారు సైతము గడ్డముగీయువానికి చెవులుండునని తలపరు. మూడుదినములు సగముమాటలు వినియున్న ఎల్లమంద నాలవదినమున పొదిలో ఫోనును మాటలు పట్టునట్లు మేల్కొలిపి యుంచెను. నాయకుడు గడ్డము గీయించుకొనుచునే జలాశయపు గుత్తదారునితో ఫోనున మాటలాడుచు నవ్వెను.

"చేనికి చేనేమిటయ్యా, గుట్టమీది రాళ్లు చాలును. ముద్రలు పడుదాక ఆ తిరుపాలమ్మను అత్తా యనక తప్పదు. అనినప్పుడెల్ల నోరు పుక్కిలించుకొనుచున్నాను."

కత్తి యాతని కంఠముమీద క్షణము నిలిచెను. పిదప మెల్లగా కదలెను.

మాటపడినవారికే మాట ముందు చేరవలయునని యా యూరి కట్టుబాటు. కావున ఎల్లమంద తిన్నగా ఊరికి పెద్దదిక్కగు తిరుపాలమ్మ వాకిటికిం బోయి వినిపించెను. ఆ వృద్ధ ముమ్మారు వినెను.

"నా చేతి జొన్నరొట్టె తిన్నవాడురా వాడు."

"తిన్న నోరే యవ్వా పలికినది."

"ఇంక నాకు వద్దు. ఊరికి వినిపింపుము."

జాములోపల నా గొంతు ఇల్లిల్లు తిరిగెను. కోపించి కేకలువేసినవారు లేరు. రోట దంచు స్త్రీలకు రోకటిపోటున నా నవ్వే వినబడెను. వీథిలో నెవ్వడేని మామా యని పిలిచినచో పిలువబడినవాడు ఉలికిపడి పిలిచినవాని మొగము వెదకుచుండెను. తాతతండ్రులనాటి వరుసలన్నియు నొక్కపూటలో నమ్మరానివయ్యెను.

మధ్యాహ్నమున నాయకుడు పందిటిక్రింద మసిబిళ్ల తెరచి చేయిచాచెను.

"రావమ్మా అత్తా, ముందు నీ వ్రేలు."

తిరుపాలమ్మ కదలలేదు.

"నాయుడుగారూ, ముద్రలు పడవు. భోజనమువేళ యైనది. కూర్చుండుడు."

ఇన్నాళ్లు అల్లుడా యనిన యామె నోట గారూ యను పలుకు విన్నంతనే యాతని మొగమున నెత్తురు లేకపోయెను. ఆతడు ఎల్లమందవైపు చూచెను. ఎల్లమంద చూపు దించలేదు.

పొద్దు నడినెత్తికెక్కినవేళ ఊరనున్నవానిని పస్తుపంపుట యా పల్లెకు తెలియదు. విస్తళ్లు పరచిరి. నాయకుడును ఎల్లమందయు నూరివారును ఒక్కబంతిని కూర్చుండిరి. సంగటియు పప్పును వడ్డింపబడెను. ఉప్పడిగినవాడు లేడు. తిరుపాలమ్మ మారు వడ్డింప వచ్చి నిలువగా, ఎన్నివేల సభలనో యూగించిన యా మనుష్యుడు అత్తా యనక చాలుననుట యెట్లో తెలియక విస్తరిమీద చేయి యడ్డము పెట్టెను.