గోడ మీద మా అన్నయ్య

మా వదినకు ఇంగ్లీషు జాతీయాలు మనుషుల మొహాలతో తప్ప గుర్తుండవు.

మేమిద్దరం ఒక హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే గదిలో పనిచేసేవాళ్లం. కింద రిసెప్షన్‌లో ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. అక్కడ కూర్చోవాలంటే బస చేసేవాళ్లు మాటల మధ్య విసిరే జాతీయాలు కూడా తెలియాలని మేనేజరు నియమం. వారానికోసారి ఆయనే క్లాసు చెప్పేవాడు. బట్టీపట్టిన అర్థాలు మర్నాటికల్లా ఆవిరైపోతుంటే, వదిన ఒక్కో జాతీయాన్ని ఒక్కో చుట్టానికి తగిలించుకుంది.

"'స్పిల్ ద బీన్స్' అంటే?" దుప్పటి రెండో కొస పట్టుకుని అడిగేదాన్ని.

"మీ చిన్నత్త. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు."

"'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'?"

"మా తమ్ముడి ఫోను. ఏ అమావాస్యకో పున్నానికో."

"'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్'?"

"ఇంకెవరు, మీ అన్నయ్య. గోడ మీద పిల్లి."

అన్నయ్య అదే హోటల్లో ఎలక్ట్రీషియను. అతనికి వారం విడిచి వారం రాత్రి డ్యూటీ, రిసెప్షన్‌లోనూ అంతే. ఇంట్లో వాళ్ల పాప ఉంది, రాత్రిళ్లు ఇద్దరిలో ఒకరు దగ్గరుండాలి. వదిన చేరాలంటే అన్నయ్య తన రాత్రి వారాలు మార్చుకోవాలి. చేరమని అనడు, వద్దనీ అనడు. అడిగితే "చూద్దాంలే" అని చెప్పులేసుకునేవాడు.

ఆ ఉద్యోగానికి పరీక్ష పెట్టిన రోజు నేను మేనేజరు గదిలో ఉతికిన కర్టెన్లు తగిలిస్తున్నాను. ఏసీ పాడైందని అన్నయ్యను పిలిచారు. నిచ్చెన మీద ఉన్నాడు. వదిన లోపలికొచ్చి అతన్ని చూసింది. మేనేజరు ఎదుట కూర్చుంది.

చిన్నత్త గురించి చెప్పినప్పుడు మేనేజరు నవ్వాడు. తమ్ముడి గురించి చెప్పినప్పుడూ నవ్వాడు.

"'సిట్టింగ్ ఆన్ ద ఫెన్స్'?"

వదిన కుర్చీలో సర్దుకుంది. పైన స్క్రూడ్రైవరు చప్పుడు ఆగింది.

"తెలీదా?"

"తెలుసు సార్."

"మరి చెప్పమ్మా."

"మా ఆయన సార్." నిచ్చెన వైపు చూడలేదు. "ఈ ఉద్యోగంలో చేరనా అని ఎప్పట్నుంచో అడుగుతున్నా. ఔననరు, కాదనరు."

మేనేజరు తలెత్తాడు. నేను అప్పటికే తగిలించిన కొక్కేన్ని తీసి మళ్లీ తగిలించాను.

అన్నయ్య దిగి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఇంట్లో అడిగితే సరిపోయేది కదే, ఇక్కడ పరువు తీయాలా?"

"ఇంట్లోనే అడిగాను."

అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మేనేజరుతో, "సార్, నా నైట్ డ్యూటీ మార్చండి. ఆవిడకు రాత్రి పడని వారం నాకు వేయండి" అన్నాడు.

"ఉద్యోగం ఇస్తానని నేనింకా అన్లేదయ్యా. రెండ్రోజుల్లో చెప్తాను."

అన్నయ్య మళ్లీ నిచ్చెనెక్కాడు.

ఇస్త్రీ గదికి వచ్చాక వదిన అంది, "ఫెన్స్ మీద చోటు ఖాళీ అయిందే అమ్మాయ్. ఇప్పుడు ఎవర్ని కూర్చోబెట్టను?"

"మేనేజరుగారు లేరూ?"

సోమవారం ఇస్త్రీ గదిలో ఫోను మోగింది.

"రిసెప్షన్ నుంచి. మూడో అంతస్తుకు దుప్పట్లు పంపమ్మా" అంది వదిన. గొంతు కొంచెం ఆఫీసుగా పెట్టి మాట్లాడుతోంది.

సరేనన్నాను. రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. దుప్పటిని బల్ల మీద పరిచి ఒక్కదాన్నే మడిచాను.