మా మరిది కనిపెట్టిన సంగీతం

నాకు అన్నిటికంటే పెద్ద భయం, మా బాబుకు చెవులు వినపడవేమోనని. వేరే భయాలకూ కరువు లేదు. పాలు పొలమారుతాయేమో, మంచం మీద నుంచి దొర్లుతాడేమో, కనపడిన గుండీ మింగేస్తాడేమో. అవన్నీ వచ్చి పోతుంటాయి. ఇదొక్కటి వచ్చి కూర్చుంది. దానికి కుర్చీ వేసినవాడు మా మరిది.

మరిది పాత సామాన్ల దుకాణంలో పనిచేస్తాడు. జనం వదిలించుకున్న ఆంప్లిఫయర్లు, స్పీకర్లు విప్పి, దుమ్ము దులిపి, తీగలు అతికించి మళ్ళీ నోరు తెరిపిస్తాడు. పనిమంతుడు, కాదనను. ఒకసారి ఎవరో అమ్మిన డిస్కు ప్లేయరు విప్పితే లోపల ఒక డిస్కు ఇరుక్కుని ఉందట. పేరు లేదు, బొమ్మ లేదు. పెట్టి విన్నాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చిన కొడుకు ముఖం చూసి మా అత్తయ్య, "ఏరా, పెళ్ళిచూపులకు గానీ వెళ్ళొచ్చావా?" అని అడిగింది.

"అంతకంటే ఎక్కువమ్మా" అంటూ ప్లేయరు, దానితోపాటు బియ్యం డబ్బాలంత స్పీకర్లు రెండు తెచ్చి ముందుగదిలో దించాడు.

మొదట గిటారు వచ్చింది. రేకుల షెడ్డును రంపంతో కోస్తే వచ్చే చప్పుడు. దాని వెనక డ్రమ్ములు. ఎవరో మనిషి డ్రమ్ములతో సహా మెట్ల మీద నుంచి పడ్డాడు, పడుతూనే ఉన్నాడు, నేల మాత్రం రావడం లేదు. ఈ రెండింటి మధ్య సాక్సఫోను. అది దారి తప్పిన బాతు. తప్పితే తప్పిందిగానీ ఎవరినీ దారి అడగనని పంతం పట్టిన బాతు.

"ఇదేంటయ్యా?" అన్నాను.

"రాక్ వదినా. అంటే ఒట్టి రాక్ కాదు. జాజ్. అలాగని ఒట్టి జాజూ కాదు. ప్రయోగాత్మక జాజ్. రెండూ కలిసిపోయాయి."

"అదీ కాదు, ఇదీ కాదు. పోనీ సంగీతమేనా?"

"నీకు అర్థం కాదులే వదినా. దీనికి చెవి తయారవ్వాలి."

నా చదువు మధ్యలో ఆగిపోయింది కాబట్టి ఇంట్లో అర్థం కానివన్నీ నా ఖాతాలోనే పడతాయి. నాతోపాటు నా చెవి కూడా బడి మానేసిందని ఆ రోజే తెలిసింది.

అప్పుడు నేను నిండు గర్భిణిని. బాబు పుట్టాడు, బోర్లా పడ్డాడు, కూర్చోవడం నేర్చాడు. ఈలోగా మరిది అలాంటి పాటల కోసం ఫోనంతా తవ్విపోసి, ఒకదాన్ని మించిన గోల ఇంకొకటి పోగేశాడు. తోడుగా ఒక స్నేహితుణ్ణి కూడా సంపాదించాడు. ఆయన ఏ ఆఫీసులో పనిచేస్తాడో తెలియదు. ప్రతి చప్పుడుకూ "ఆహా" అంటాడు కనుక మా ఇంట్లో ఆయన ఆహాగారు. సెలవు రోజున ఇద్దరూ స్పీకర్లకు చెవులు ఆనించి, కళ్ళు మూసుకుని, పంటినొప్పి వచ్చినవాళ్ళలా తలలూపేవారు. "స్పీకరు అణిగిపోయింది, ఇంకాస్త పెంచుదాం" అని మరిది పెంచేవాడు. వారం వారం ఆ స్పీకరు అణిగిపోతూనే ఉండేది.

పక్క గదిలో మా బాబు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోయేవాడు.

"బంగారు తండ్రి. ఒక్క పేచీ లేదు" అని అత్తయ్య మురిసిపోయేది.

"ఆ గోలలో నిద్రపట్టడం అదృష్టమే. నాకా భాగ్యం లేదు" అని మా ఆయన నవ్వేవారు.

అందరికీ సంతోషమే. నాకు తప్ప. ఇంత మోతకు కనురెప్ప కదపని బిడ్డ అసలు వింటున్నాడా?

ఒక మధ్యాహ్నం ముందుగదిలో భజన జోరుగా సాగుతోంది. నేను వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చి, ఉయ్యాల వెనక నిలబడి, గచ్చు మీద వదిలేశాను. పళ్ళెం గిరగిరా తిరిగి తిరిగి పడింది. బాబు కదల్లేదు.

ముందుగదిలో ఆహాగారు మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఆహా! ఆ తాళం చూశావా! ఎక్కడ దింపాడయ్యా, ఎంత ధైర్యం!"

తలుపు సందులోంచి చూస్తున్నాను. మరిది కళ్ళు తెరిచి ఒక్క క్షణం ఆహాగారి ముఖం చూశాడు. తర్వాత తీరిగ్గా అన్నాడు: "నేను మొదటి రోజే పట్టుకున్నాను. అందరికీ దొరకదు అది."

ఇంకోసారైతే నవ్వి చచ్చేదాన్ని. ఆ రోజు మాత్రం పళ్ళెం పక్కనే కూలబడి ఏడ్చాను. మర్నాడే వినికిడి పరీక్షకు వెళ్ళాలని పట్టుబట్టాను. మా ఆయనకు సెలవు దొరకలేదు. "నేనొస్తాలే వదినా" అని మరిదే బాబును భుజాన వేసుకుని వచ్చాడు.

గోడలకు దట్టంగా మెత్తలు అంటించిన చిన్న గది అది. పరీక్ష చేసే అమ్మాయి మా ఇంటి మోత సంగతంతా నన్నడిగి తెలుసుకుని, పరీక్ష ఎలా జరుగుతుందో వివరంగా చెప్పింది. పెద్దవాళ్ళెవరైనా బాబును ఒళ్ళో పెట్టుకోవాలి. పక్కల నుంచి శబ్దం వస్తుంది. బాబు అటు తిరిగితే అక్కడ బొమ్మ వెలుగుతుంది. ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు మాత్రం కదలకూడదు. నేను ఒకచోట కుదురుగా నిలవకపోవడం చూసి, "మీరు నాతో రండమ్మా, బాబాయిగారు కూర్చుంటారు" అంది.

గది అద్దపు కిటికీకి ఇవతల నాకూ ఆ శబ్దాలు వినిపించాయి. ముందు ఈల. తర్వాత పిట్ట కూతలాంటిది. ఆ తర్వాత ఎక్కడో దోమ తిరిగినట్టు సన్నగా. బాబు ఈలకు తిరిగాడు. పిట్టకు తిరిగాడు. దోమకు కూడా తిరిగి, బొమ్మను చూసి బోసినోటితో నవ్వాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"బాగా వినపడుతోందమ్మా. కడుపులో ఉన్నప్పటి నుంచీ వింటున్న గోల కదా, అలవాటైపోయి నిద్ర లేవడం లేదు. అయినా ఆ మోత పసి చెవులకు మంచిది కాదు, మాన్పించండి" అంటూ ఆ అమ్మాయి తలుపు తీసింది.

మరిది స్తంభంలా కూర్చునే ఉన్నాడు. మమ్మల్ని చూసి విసుగ్గా అడిగాడు: "ఇంకా ఎప్పుడు మొదలుపెడతారండీ?"

"ఏంటి సార్?"

"అదే, శబ్దాలు. బొమ్మలు ఊరికే వెలిగి ఆరుతున్నాయి. మీ స్పీకర్లు పోయినట్టున్నాయి. విప్పి చూడమంటారా?"

నవ్వబోయాను. ఆ అమ్మాయి నవ్వడం లేదు. మెల్లగా అతని వెనక్కి వెళ్ళి, "సార్, మీ జేబులోంచి ఏదో పడింది" అంది. బాబు అటు చూశాడు. మరిది చూడలేదు.

విషయం చెప్పి, అప్పుడే పరీక్ష చేస్తానంది. మరిదికి ఎక్కడలేని రోషం వచ్చింది. "నా చెవికా పరీక్ష? మీరెవరూ వినలేనివి వినే చెవి ఇది!" అని బాబును నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఇంట్లో పాటలు బంద్ అని మా ఆయన అనగానే స్పీకర్లు నెత్తిన పెట్టుకుని వేరే గది చూసుకున్నాడు. ఆహాగారు కూడా ఇప్పుడు అక్కడికి వెళ్ళడం లేదట, తలనొప్పి అంటున్నాడట. ఫోన్ చేసి "తిన్నావా?" అని అడిగితే, "మొన్నే రిపేరు చేశా వదినా" అంటాడు. గది ఎక్కడో అడిగితే అదీ అంతే. దుకాణానికి వెళ్తే నన్ను చూసి వెనక గుమ్మంలోంచి జారుకుంటాడు. రోడ్డు మీద నడిచే మనిషి అతను, వెనక నుంచి బళ్ళు వస్తుంటాయి.

నా బిడ్డ కోసం పడ్డ భయం ఇల్లు ఖాళీ చేయలేదు, మనిషిని మార్చుకుంది అంతే. అందుకే అడుగుతున్నాను. మీ వీధిలో ఏ గదిలోంచైనా మెట్ల మీద నుంచి డ్రమ్ములు పడుతున్న చప్పుడు వస్తే ఒకసారి వెళ్ళండి. తలుపు కొట్టి లాభం లేదు, లోపలికి వెళ్ళి ఎదురుగా నిలబడండి. ఆ సంగీతం అద్భుతమనే చెప్పండి, నాకేం పోయింది. కాస్త మెత్తబడ్డాక పాట ఆపించి, చెయ్యి పట్టుకుని ఆ పరీక్షకు తీసుకెళ్ళండి. వదిన పంపిందని మాత్రం చెప్పకండి.