తాయిఫ్ కొండల్లో పులివేషం

జరగండయ్యా, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఫోను మాటలు తర్వాత, చాయ్ గ్లాసుల చప్పుడు కూడా ఆపండి. ఈ కథలోకి ఒక చిరుతపులి రావాలి, దానికి సందడంటే గిట్టదు.

రాయచోటి నన్నే సాహెబ్ సౌదీలో తాయిఫ్ కొండల్లో కెమెరాలు కాసే రోజులవి. ఆ కొండల మీద అరార్ చెట్లు ఎంత దట్టమంటే, మేఘాలు దారి తప్పి కొమ్మల్లో చిక్కుకుని, ఎవరైనా విడిపిస్తే గానీ కదిలేవి కావు. కొండల్లో చిరుత ఇంకా మిగిలుందో లేదో తేల్చమని నన్నే సాహెబ్ పనిచేసే కంపెనీకి సర్కారువాళ్ళు పని అప్పగించారు. చెట్ల మొదళ్ళకు మోకాలెత్తున కెమెరా డబ్బాలు కట్టారు. వెచ్చటి ఒళ్ళున్నది ఏది ముందునుంచి పోయినా డబ్బా దానంతటదే టకటకా ఫొటోలు తీస్తుంది. డబ్బాల తాళాలు ఇంజనీరు సాయితేజ దగ్గర. బ్యాటరీలు మోయడం, కోతులు పీకేసిన డబ్బాలు మళ్ళీ కట్టడం నన్నే సాహెబ్ పని.

ఎన్నాళ్ళు చూసినా ఆ కోతులే. ఒక మగకోతి అయితే రోజూ కెమెరా ముందు కూర్చుని పెళ్లాం చేత పేలు చూపించుకుంటూ, ఫొటో పడే సమయానికి మెడ సర్దుకునేది. కోతుల తర్వాత నక్క, నక్క తర్వాత ఎవరిదో తప్పిపోయిన గాడిద. చిరుత మాత్రం లేదు.

ఆ సమయంలోనే నితాఖాత్ రూలు వచ్చి నెత్తిన కూర్చుంది. కంపెనీలో సౌదీవాళ్ళు సరిపడా లేకపోతే సర్కారు ఆ కంపెనీకి వేసే రంగు మారుతుంది. ఆకుపచ్చ పోయి పసుపు, పసుపు పోయి ఎరుపు. ఎరుపు పడితే అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు ఎవరిదీ కొత్తకు తిరగదు, విమానం ఎక్కాల్సిందే. పైగా మనిషి మనిషికీ సర్కారుకు కట్టే లెవీ. ఈ కంపెనీ అప్పటికే పసుపులో పడి దిగజారుతోంది. మేనేజరు అబ్దుల్ ఘనీ, కర్నూలు మనిషి, కొండెక్కి వచ్చి తేల్చేశాడు.

"చిరుత కనబడితే పని పొడిగిస్తారంట, లెవీ కట్టి ఇకామాలు తిప్పుతారు. కనబడల్యా, నెలాఖరుకు అందరికీ ఎగ్జిట్. నన్నడిగి లాభం ల్యా, నాదీ అదే గతి."

ఆ నెలాఖరే నన్నే సాహెబ్ గొంతులో ముల్లయింది. ఆయన భార్య జైతూన్ బీ తన అన్నతో కలిసి వచ్చే నెల మొదట్లో ఉమ్రా యాత్రకు వస్తోంది. తాయిఫ్ కొండ దిగితే మక్కా. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాలు కలిసి కడప దాటింది లేదు.

"నేను ఆడికొచ్చి, నువ్వు ఈడికొచ్చి ఏం జేసేది?" అంది ఆమె ఫోనులో. "విమానాలు ఎదురుపడితే కిటికీలోంచి చెయ్యూపుకుందామా?"

"ఊరుకోమే. నేను యాడికీ పోను."

"మా ఆయనే దగ్గరుండి తిప్పుతాడని పేటంతా చెప్పుకుంటి. నా పరువు తియ్యొద్దు."

ఆ మాట విన్నప్పటినుంచి నన్నే సాహెబ్‌కు కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే నడవబుద్ధి. పోసుకున్న చాయ్ మీద మీగడ కట్టేది, తాగేవాడు కాదు. కట్టిన డబ్బానే విప్పి కట్టేవాడు. అలా కాళ్ళు నేల మీద నిలవని ఒక పొద్దున ఆయనకు తన పాత విద్య గుర్తొచ్చింది.

పీర్ల పండగకు పులివేషం అంటే రాయచోటిలో నన్నే సాహెబ్ పేరే. ఆయన ఒంటికి రంగేస్తే కుక్కలు ఊరొదిలి చిత్తూరు చుట్టాలింటికి పోయేవి.

గొర్రె కొవ్వు కరిగించి పసుపు కలిపి ఒళ్ళంతా పూశాడు. చిరుతకు చారలు కాదు, మచ్చలని గుర్తుంచుకుని, సీసా మూతను మసిలో ముంచి అద్దాడు. వీపుకు చెయ్యందక, మసి గుండ్రాలు వేసిన దుప్పటి మీద పొర్లాడు. తాడుకు గుడ్డ చుట్టి తోక కట్టాడు. పొద్దు వాలుతుండగా లోయ చివరి కెమెరా ముందుకు నాలుగు కాళ్ళ మీద నడిచాడు. డబ్బా టక్కుమంది.

అక్కడితో పోవలసింది. రంగు పడ్డ ఒళ్ళు మాట వింటుందా? ఎక్కడో లోపల డప్పు మోగింది. ఒక గంతేశాడు. ఒక కాలు గాల్లో తిప్పాడు. ఆట అయ్యాక, ప్రతి ఇంటి గడప ముందూ చేసినట్టే, నిటారుగా నిలబడి నుదుటికి చెయ్యి ఆనించి కెమెరాకు సలాం కొట్టాడు.

డబ్బా మళ్ళీ టక్కుమంది. అప్పుడు గానీ తెలివి రాలేదు.

ఇక చూడండి ఆయన అవస్థ. సాయితేజ వెంట పడ్డాడు.

"సార్, ఆ కడాపటి డబ్బాలో తేమ పట్టినట్టుండాది. తాళం ఇస్తే తుడిచొస్తా."

"కార్డ్ తీసేటప్పుడు చూద్దాం నన్నే భాయ్. వై టెన్షన్?"

కోతుల దగ్గరికి పోయి ఖర్జూరాలు పోసి, ఆ డబ్బా పీకెయ్యమని గడ్డం పట్టుకుని బతిమాలాడు. రోజూ పీకే కోతులు ఆ రోజు ఖర్జూరాలు తిని, గింజలు మర్యాదగా తిరిగి చేతిలో పెట్టాయి.

కార్డు తీసే రోజు రానే వచ్చింది. రేకుల గదిలో సాయితేజ లాప్‌టాప్ తెరిచాడు. పక్కన అబ్దుల్ ఘనీ, వెనక నన్నే సాహెబ్. నీళ్ళ ట్యాంకరు తెచ్చిన జగిత్యాల మల్లేశం గుమ్మంలో నిలబడి తొంగి చూస్తున్నాడు.

మొదట మచ్చల వీపు. "సార్, లెపర్డ్," అని సాయితేజ కుర్చీలోంచి లేచాడు. తర్వాత గాల్లో కాలు. తర్వాత సలాం.

సాయితేజ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏం నన్నే సాహెబ్," అన్నాడు అబ్దుల్ ఘనీ, "ఈ చిరుతది రాయచోటినా?"

"ఆట ఆడినాక సలాం చెయ్యకుండా పోతే తప్పు సార్." "నా ఒక్కనికే ఎగ్జిట్ కొట్టియ్యండి. మా ఆడమనిషిని ఒకతూరి చూసి పోతా, అంతవరకూ ఆపండి."

సాయితేజ వేలు మాత్రం ఊరికే మీట నొక్కుతోంది. తెర మీద ఇంకో వీపు వచ్చింది. అదే చోటు. గొర్రె కొవ్వు వాసనకు దిగివచ్చి, నన్నే సాహెబ్ గంతులేసిన నేలను మూచూస్తోంది. తర్వాతి ఫొటోలో అక్కడే పొర్లింది. ఆ తర్వాతి దాంట్లో ముక్కుకు పసుపంటుకుని, కెమెరా వైపు ఎగాదిగా చూస్తోంది.

"సరిగ్గా చూడు," అన్నాడు అబ్దుల్ ఘనీ కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "నాలుగు కాళ్ళ మీదే ఉండాది కదా?"

"ఒరిజినల్ సార్. మచ్చల్లో ఏ రెండూ ఒకేలా లేవు."

అబ్దుల్ ఘనీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "ముందరివి మన మనిషివి. మన మనుషులవి ఎప్పుడూ తీసేస్తాం కదా, తీసెయ్. పని పొడిగించమని, ఇకామాలు తిప్పమని ఇప్పుడే రాస్తా. నన్నే సాహెబ్, నువ్వు మక్కా పొయ్యే ముందర ఆ పసుపు బాగా రుద్ది కడుక్కో. ఉమ్రాకు కట్టే ఇహ్రాం తెల్లగుడ్డ, అంటుకుంటాది."

నన్నే సాహెబ్ ఉన్నచోటే కూలబడ్డాడు. ఇన్నాళ్ళకు ఆయన కాళ్ళు ఊరుకున్నాయి.

గుమ్మంలోంచి మల్లేశం గొంతు సవరించుకున్నాడు.

"సార్, గా రెండో పులి ఈడిదే గద, సౌదీదే. దాని పేరు కంపెనీల రాసుకోరాదుండ్రి, మన రంగు ఆకుపచ్చగైతది. జీతం కింద ఓ మేకనేస్తే సరిపాయె."